గిటారుపై గమకం: పాలకొల్లు చూపిన దారి

పెళ్లిళ్లలో, తిరునాళ్లలో పాటకచేరీ జరిగితే వేదికపై గిటారు కనిపించటం పల్లెల్లోనూ కొత్త కాదు. గాయకుడి వెనుక వాయించటం ఒక ఎత్తు. పాట ఆగి, గిటారు ఒంటరిగా పలకవలసి వచ్చినప్పుడు మన రాగాన్ని, పాశ్చాత్య బాణీని కలిపి మెప్పించటం మరో ఎత్తు. ఈ కలయికనే సంగీతకారులు ఫ్యూజన్ అంటారు. ఇందులోని చిక్కు, అది వీడే మార్గం తెలుసుకోవాలంటే పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ సాధనను గమనించాలి.

మెట్ల దగ్గరే చిక్కు

గిటారు మెట్లు పొట్టిగా, చెక్కను అంటిపెట్టుకుని ఉంటాయి. తీగను పక్కకు లాగి స్వరం పెంచవచ్చు గాని అది కొంతవరకే. కర్ణాటక సంగీతంలో స్వరం ఒకచోట నిలవక ఊగుతుంది. ఆ ఊపే గమకం. వీణకు మైనంలో నిలబెట్టిన ఎత్తయిన మెట్లు ఉన్నందున తీగ సులువుగా సాగుతుంది. మోహన రాగంలోని ఐదు స్వరాలు పాశ్చాత్యులకూ తెలిసినవే. అయితే గమకం లేకుండా వాయిస్తే స్వరాలు వినిపిస్తాయి గాని మోహనం వినిపించదు.

చెక్కను తొలిచారు

1942లో ఇంగ్లండులో పుట్టిన జాన్ మెక్లాఫ్లిన్ జాజ్ గిటారులో పేరు గడించినవారు. అయినా 1970 దశకంలో అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో ఎస్.రామనాథన్ వద్ద శిష్యుడై వీణ నేర్చుకున్నారు. తన గిటారు మెట్ల నడుమ చెక్కను గుంటలుగా తొలిపించారు. దీంతో తీగను లోపలికి నొక్కి కూడా స్వరాన్ని ఊపటం వీలయింది. శ్రుతికి తోడుగా మోగేందుకు మరో ఏడు తీగలు ఏటవాలుగా అమర్పించారు. వయొలిన్‌పై ఎల్.శంకర్, తబలాపై జాకీర్ హుస్సేన్, ఘటంపై విక్కు వినాయకరాంలతో ఆయన నడిపిన 'శక్తి' బృందం తొలి రికార్డు 1976లో వెలువడింది.

గురువు పాడితే శిష్యుడు పలికించాడు

పాలకొల్లులో ఇదే చిక్కు మరో విధంగా వీడింది. 1969 ఫిబ్రవరి 28న జన్మించిన శ్రీనివాస్ చిన్ననాడే తండ్రి సత్యనారాయణ మాండొలిన్‌ను చేతబట్టారు. గిటారు వాద్యకారుడు వాసూరావు పాశ్చాత్య సంగీతాన్ని పరిచయం చేశారు. గురువు రుద్రరాజు సుబ్బరాజు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. ఆయనకు మాండొలిన్ వాయించటం రాదు. ఆయన పాడేవారు, బాలుడు విన్నదాన్ని తీగపై వెతికి పట్టుకునేవాడు. వేళ్లకు సులువైన బాట గాక, గొంతు నడిచిన బాట చేతికి పట్టుబడింది.

జంట తీగల మామూలు మాండొలిన్‌లో నాదం త్వరగా ఆరిపోతుంది. గమకానికి వ్యవధి చాలదు. అందువల్ల శ్రీనివాస్ ఐదు ఒంటి తీగల విద్యుత్ మాండొలిన్ ఎంచుకున్నారు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ చేశారు. పరదేశి వాద్యంపై కర్ణాటక సంగీతమా అన్నవారికి వాద్యంతోనే జవాబు చెప్పారు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవ శ్రోతలను మెప్పించారు. 1998లో పద్మశ్రీ అందుకున్నారు. అనంతరం మెక్లాఫ్లిన్ 'రిమెంబర్ శక్తి' బృందంలో చేరారు. గిటారు ఒక ముక్క వేస్తే మాండొలిన్ బదులు పలికేది. 2014 సెప్టెంబరు 19న చెన్నైలో 45వ ఏట కన్నుమూశారు.

నేర్చుకునేవారికి

గిటారు పట్టిన యువకులు ఈ ఇద్దరి నుంచి గ్రహించవలసింది వేగం కాదు. శ్రుతి పెట్టుకుని ఒకే రాగాన్ని ముందు నోటితో పాడాలి. పాడినదాన్నే తీగపై వెతకాలి. పక్క మెట్టుకు దూకే బదులు తీగ లాగి ఆ స్వరాన్ని చేరటం సాధన చేయాలి.

లయకూ నోరే గురువు. ఆది తాళం 8 దెబ్బలు. దెబ్బకు రెండు చొప్పున 16 అక్షరాలు. మొదటి అక్షరం వదిలి 'తకతకిట' అనే ఐదక్షరాల ముక్కను మూడుసార్లు వేస్తే 15 అక్షరాలు నిండి, ఆపై సరిగ్గా తాళం మొదటి దెబ్బకు చేరుకోవచ్చు. పాశ్చాత్యుల నాలుగు దెబ్బల నడకలోనూ ఈ లెక్క తప్పదు.

రెండు సంగీతాలను కలపాలంటే తన సంగీతం ముందు తనకు గట్టిగా వచ్చి ఉండాలి. ఎదుటివారి సంగీతాన్ని శిష్యుడిలా కూర్చుని నేర్చుకోవాలి. అది లేకుంటే మిగిలేది కలయిక కాదు, కలగాపులగమే.