కోడికీ కుండీకీ మధ్య ఒక తార్ నాకా

తార్నాకకి ఆ పేరెలా వచ్చిందో తెలుసా? తార్ అంటే తీగ, నాకా అంటే కాపలా చౌకీ. నిజాం కాలంలో ఇక్కడి తోటకి తీగ కంచె వేసి చౌకీ పెట్టారని, అదే తార్నాక అయిందని పెద్దలు చెప్తారు. ఇంట్లో మొక్కలూ కోళ్లూ కలిపి పెంచేవాళ్లకి ఆ కంచె విలువ మొదటి వారంలోనే తెలిసొస్తుంది.

మా పెద్దమ్మ వాళ్ల ఇల్లు ఓయూ క్యాంపస్‌కి నడిచే దూరంలోనే. పెరట్లో నాలుగు పెట్టలు, గోడ వెంట ఇరవై కుండీలు. ఆదివారం మెంతులు చల్లితే గురువారానికి పచ్చగా లేచాయి. శుక్రవారం పొద్దున కుండీలో మెంతికూర లేదు, నల్లకోడి ఉంది.

"గా నల్లదాన్ని తోలు బిడ్డా! కూర మనం తినాల్నా, అది తినాల్నా?" అని పెద్దమ్మ.

"యాడికి పోతదే, రేపు గుడ్డై మనకే వస్తది" అని పెద్దనాన్న.

పాపం, కోడి తప్పేం లేదు. దాని మూలం అడవికోడి. రాలిన ఆకుల్ని కాళ్లతో కెలికి, కింద పురుగులూ గింజలూ ఏరుకు తినడం దాని బతుకు. గిన్నె నిండా దాణా ఉన్నా కెలకడం మానదు. మన క్యాంపస్‌లో తిరిగే నెమళ్లదీ ఇదే కుటుంబం. పైగా కోడికి పొడి మట్టిలో పొర్లడమే స్నానం. ఈకల్లోని పేలు, మురికి అలాగే వదులుతాయి. మనం గుల్ల చేసి పెట్టిన కుండీ దానికి క్యాంటీనూ, బాత్రూమూ రెండూ. మందు ఒకటే: మట్టి మీద ఇనుప జాలీ ముక్క పరిచెయ్యడం. మొలకలు కన్నాల్లోంచి పైకొస్తాయి, కాళ్లు మాత్రం కిందికి పోవు.

రెండో తగాదా ఎరువుది. "కోళ్లున్నాయిగా, ఎరువు ఫ్రీ" అంటారు అందరూ. కోడి రెట్ట మీద తెల్లగా కనిపించేది యూరిక్ ఆమ్లం. కోడికి మూత్రం విడిగా రాదు, రెండూ ఒకే దారి. అందుకే అందులో నత్రజని ఎక్కువ. పచ్చిగా వేస్తే అది అమ్మోనియాగా మారి వేళ్లని మాడ్చేస్తుంది. టమాట మొక్క ఆకుల అంచులు గోధుమ రంగుకి తిరిగాయంటే అర్థం అదే. ఎండుటాకులతో కలిపి, తడి ఆరకుండా, అప్పుడప్పుడూ తిరగేస్తూ రెండు మూడు నెలలు మాగనివ్వాలి. పచ్చి రెట్టలో సాల్మొనెల్లా లాంటి సూక్ష్మజీవులు ఉండొచ్చు కాబట్టి కొత్తిమీర లాంటివాటి దగ్గరికి అసలే రానివ్వొద్దు.

ఇక ఇటువైపు లెక్క చూద్దాం. తోటకూర కాడలు, బీరకాయ తొక్కలు, ముదిరిన పాలకూర కోడి ముందు వేస్తే నిమిషాల్లో మాయం. ఉప్పూ కారం తగిలినవి మాత్రం వెయ్యొద్దు. కోడికి పళ్లు లేవు కదా, మరి నమిలేది ఎవరు? కందనకాయ. కోడి మింగిన చిన్న రాళ్లు అందులో చేరి, గట్టి కండరం పిసుకుతుంటే గింజల్ని పిండి చేస్తాయి. మెకానికల్ వాళ్లకి వేరే చెప్పాలా, అది బాల్ మిల్లే.

గుడ్డు తయారవడానికి సుమారు 25 గంటలు పడుతుంది. అందులో 20 గంటలు పెంకుకే. ఒక్కో పెంకుకి దాదాపు 2 గ్రాముల కాల్షియం కావాలి. అందుకే గుడ్డు పెంకుల్ని ఎండబెట్టి, నలగ్గొట్టి మళ్లీ దాణాలో కలుపుతాం. రోజుకి 24 గంటలే కాబట్టి గుడ్డు పెట్టే టైమ్ రోజూ కొంచెం వెనక్కి జరుగుతుంది. మధ్యాహ్నం దాటేసరికి కోడి ఒకరోజు సెలవు తీసుకుని, మళ్లీ పొద్దున్నే మొదలెడుతుంది. చలికాలం పగలు తగ్గితే గుడ్లూ తగ్గుతాయి. ఈ అటెండెన్స్‌కి కండోనేషన్ లేదు.

గుడ్లకి పుంజు అక్కర్లేదు. పిల్లలు కావాలంటేనే కావాలి. పరీక్షల ముందు పుంజు ఉన్న ఇంటి పక్కన ఉండి చూడండి, ఎందుకు చెప్తున్నానో తెలుస్తుంది. వెలుగు చూసి కూస్తుందని అనుకుంటాం గానీ, జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2013లో తేల్చిందేమిటంటే, రోజంతా ఒకే మసక వెలుతురులో ఉంచినా పుంజులు తెల్లవారే వేళకే కూశాయి. గడియారం వాటి ఒంట్లోనే ఉంది. స్నూజ్ బటన్ లేదు.

మొదలుపెట్టేవాళ్లకి జాతులు దూరం వెతకక్కర్లేదు. పెరటి పెంపకం కోసమే మన రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ వనరాజా, గ్రామప్రియ తయారుచేసింది. వనరాజా గుడ్లకీ మాంసానికీ, గ్రామప్రియ ముఖ్యంగా గుడ్లకి. గోధుమ రంగు పెంకు చూసి బలం ఎక్కువనుకోకండి, రంగు జాతిని బట్టి వస్తుంది.

కోడికి చెమట పట్టదు. మే నెల ఎండకి నోరు తెరిచి, రెక్కలు విప్పి రొప్పుతుంది. పెద్దనాన్న గూడు మీదికి దొండపాదు పాకించాడు. ఆ నీడ కిందే మా ఇంట్లో మొక్కకీ కోడికీ మొదటిసారి రాజీ కుదిరింది.

గుడ్డు చవగ్గా పడుతుందా అంటే, పడదు. దాణా ఖర్చు వేస్తే కొట్లో గుడ్డే నయం. మిగిలేది వేరే: తొక్క కోడికి, రెట్ట ఆకులతో కలిసి కుండీకి, ఆకు మనకి. ఇంటి తడి చెత్త గేటు దాటదు. అయితే ఈ చక్రం తిరగాలంటే గజాల లెక్కన నేల కావాలి. మా వీధిలో పెరడున్న ఇళ్లు ఒక్కొక్కటే అపార్ట్‌మెంట్లు అవుతున్నాయి. పెద్దనాన్న దగ్గరికీ బిల్డర్ రెండుసార్లు వచ్చి వెళ్లాడు. ఫ్లాట్‌లో కుండీకి బాల్కనీ ఉంటుంది, కోడికి ఉండదు. తొక్క చెత్త బండికి పోతుంది, ఎరువు ప్యాకెట్‌లో వస్తుంది.

పక్క అపార్ట్‌మెంట్ రెండో అంతస్తు ఆంటీ రోజూ కూరగాయల తొక్కల సంచి మా గేటుకి తగిలించి పోతుంది. వారానికోసారి అదే సంచిలో నాలుగు గుడ్లు పైకి వెళ్తాయి.