ఎంబీఏ పట్టా, మేనేజర్ కుర్చీ

అపోహ: ఎంబీఏ చదివితే మేనేజర్ అయినట్టే.

వాస్తవం: భూపాలపల్లి బొగ్గు బాయిల్లో ఈ లెక్క చెల్లదు. చట్టం ప్రకారం ప్రతి గనికీ ఒక మేనేజర్ ఉండాలి. సింగరేణి కేటీకే గనుల్లో ఆ కుర్చీ ఎక్కాలంటే గనుల భద్రత డైరెక్టరేట్ ఇచ్చే ఫస్ట్‌క్లాస్ సర్టిఫికెట్ కావాలి. మైనింగ్‌లో బీటెక్ చేసినా ముందు గనిలో పనిచేయాలి, గ్యాస్ టెస్టింగ్, ప్రథమ చికిత్స సర్టిఫికెట్లు సంపాదించాలి. సింగరేణిలో ఎంబీఏలకూ ఉద్యోగాలున్నాయి, పర్సనల్ విభాగం లాంటి చోట్ల. పైకప్పు కూలితే ఎవరు జవాబు చెప్పాలో ముందే రాసిపెట్టిన చోట మాత్రం వట్టి పట్టాను నమ్మరు. మామూలు కంపెనీలకు అలాంటి చట్టం లేదు, అందుకే మనకు ఈ భ్రమ.

అపోహ: అయితే ఎంబీఏ దండగ, అనుభవం చాలు.

వాస్తవం: ఇదీ తొందరపాటే. జనగామ పక్కన పెంబర్తి ఇత్తడి పనికి భౌగోళిక గుర్తింపు ఉంది. కానీ ఎంత పనితనం ఉన్నా, ఏ చేతివృత్తిలోనైనా ముడిసరుకు ఖరీదు వేసుకుని, సొంత కూలీ, అప్పు మీద వడ్డీ మరిచి ధర చెప్పేవాళ్లు తక్కువేం కాదు. ఆ లెక్క ఎంబీఏ కాస్ట్ అకౌంటింగ్ పాఠంలో ఉంటుంది.

అపోహ: మేనేజ్‌మెంట్ ఏసీ గదుల విద్య.

వాస్తవం: యాసంగి వడ్లు దిగే రోజుల్లో మానుకోట వైపు ఐకేపీ కొనుగోలు కేంద్రానికి వెళ్లండి. నడిపేది మహిళా సంఘం అక్కలు. తేమ 17 శాతం దాటితే కాంటా పెట్టొద్దు. రైతేమో మబ్బు చూసి తొందరపెడతాడు. గన్నీ సంచులు చాలవు, లారీ రాదు, మిల్లు దగ్గర తరుగు పేచీ. సర్పంచి చుట్టమొచ్చినా సీరియల్ నోట్‌బుక్కు తప్పకూడదు. క్యూ నడపడానికి ఆపరేషన్స్ పుస్తకంలో సూత్రాలున్నాయి. పొద్దున కాదన్న రైతుతో సాయంత్రం మళ్లీ మాట కలపడానికి మాత్రం లేవు.

అపోహ: మైక్రోసాఫ్ట్ సీఈవో సత్య నాదెళ్ల ఎంబీఏనే కదా!

వాస్తవం: నిజమే, కానీ ఆయన ముందు ఇంజినీరు. 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరాక, ఉద్యోగం చేస్తూనే 1997లో షికాగోలో ఎంబీఏ ముగించారు. పని తెలియని కుర్రాళ్లకు మేనేజ్‌మెంట్ నేర్పలేమని, నడుపుతున్నవాళ్లకే నేర్పాలని కెనడా ప్రొఫెసర్ హెన్రీ మింట్జ్‌బర్గ్ 2004లో ఒక పుస్తకమే రాశారు. నేనైతే ఆయన పక్షమే.

ఐసెట్ కౌన్సెలింగ్‌కు వెళ్లే పిల్లలూ, ప్యాకేజీ ఎంతని అడిగే ముందు ప్రాజెక్ట్ ఎక్కడ చేయిస్తారో, రిపోర్టు ఎవరు చదువుతారో అడగండి. జిరాక్స్ సెంటర్లో కొన్న రిపోర్టుకు కూడా మార్కులేసే కాలేజీ అయితే ఫీజు కట్టే ముందే తేలిపోతుంది.