కాన్పు తర్వాత కొలవాల్సిన రక్తం

బిడ్డ ఏడుపు వినబడగానే గండం గడిచిందని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. కానీ తల్లికి ఆ తర్వాతి కొన్ని గంటలే అత్యంత కీలకం. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2023లో గర్భిణులు, బాలింతలు కలిపి దాదాపు 2,60,000 మంది చనిపోయారు. బీపీ పెరిగి వచ్చే గుర్రపు వాతం, ఇన్‌ఫెక్షన్లు, గుండె జబ్బులు కూడా ప్రాణాలు తీస్తాయి. అన్నిటికన్నా ముందున్నది రక్తస్రావం.

నెలలు నిండేసరికి గర్భసంచికి నిమిషానికి అరలీటరు, అంతకు మించి రక్తం ప్రవహిస్తుంది. మాయ ఊడిన చోట రక్తనాళాల నోళ్లు తెరుచుకుంటాయి. వాటి చుట్టూ అల్లుకున్న కండరాలు బిగుసుకుని ఆ నాళాలను నొక్కి మూసేయాలి. అందుకే కాన్పయ్యాక నర్సు పొత్తికడుపు మీద చెయ్యి పెట్టి చూస్తుంది. గర్భసంచి గట్టిగా తగిలితే మంచిదే. మెత్తగా తగిలితే కండరం బిగుసుకోలేదని అర్థం. ఈ రక్తస్రావాల్లో పదింట ఏడింటికి ఇదే కారణం. మాయ ముక్క లోపలే ఉండిపోవడం, జననమార్గం చిరగడం, రక్తం సరిగా గడ్డకట్టకపోవడం మిగతా కారణాలు.

కవలలు, బిడ్డ బరువు ఎక్కువ కావడం, గంటల తరబడి నొప్పులు, పాత సిజేరియన్ మచ్చకు మాయ అతుక్కుపోవడం ముప్పును పెంచుతాయి. రక్తహీనత ఉంటే కొద్దిపాటి నష్టాన్నీ శరీరం తట్టుకోలేదు. తెలుగు రాష్ట్రాల్లో సగానికి పైగా గర్భిణులకు రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. అయితే ఏ ముప్పూ కనిపించని తల్లికీ రక్తస్రావం రావచ్చు. కాబట్టి ప్రతి కాన్పులోనూ అప్రమత్తత తప్పదు.

మన దగ్గర నూటికి 95కు పైగా కాన్పులు ఆస్పత్రుల్లోనే జరుగుతున్నాయి. అయినా 2018-20 లెక్కల్లో లక్ష సజీవ జననాలకు ఆంధ్రప్రదేశ్‌లో 45 మంది, తెలంగాణలో 43 మంది తల్లులు చనిపోయారు. ఆస్పత్రికి చేరాక కూడా ఆలస్యం జరగడానికి ఆస్కారం ఉంది. గుడ్డల్లో ఇంకిన రక్తాన్ని కంటితో అంచనా వేస్తే తక్కువగానే తోస్తుంది. తల్లి కళ్లు తిరిగి పడిపోయేసరికి సమయం మించిపోతుంది.

దీనికి విరుగుడు చాలా చవక. తల్లి కింద పరిచే, కొలత గీతలున్న ప్లాస్టిక్ సంచి అది. రక్తం అందులోకి చేరుతుంటే ఎంత పోయిందో గీతలే చెబుతాయి. అరలీటరు దాటితే ఆగకుండా గర్భసంచిని మర్దనా చేయడం, గర్భసంచిని బిగించే ఆక్సిటోసిన్, రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ ఆమ్లం, సెలైన్ ఎక్కించడం, రక్తం ఎక్కడి నుంచి వస్తోందో పరీక్షించడం అన్నీ ఒకేసారి మొదలుపెట్టాలి. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లోని సుమారు 80 ఆస్పత్రుల్లో ఈ పద్ధతిని పరీక్షించి 2023లో ఫలితాలు ప్రకటించారు. తీవ్ర రక్తస్రావం, దానివల్ల జరిగే ఆపరేషన్లు, మరణాలు కలిపి చూస్తే 60 శాతం తగ్గాయి. ట్రానెక్సామిక్ ఆమ్లం కాన్పయిన మూడు గంటల లోపు ఇస్తేనే పనిచేస్తుంది, ఆలస్యమయ్యేకొద్దీ దాని ఫలితం తగ్గిపోతుంది.

గర్భిణికి ఐరన్ మాత్రలు మానకుండా ఇప్పించడం, రక్తం దొరికే ఆస్పత్రిని ముందే చూసిపెట్టుకోవడం కుటుంబం చేతిలో పని. పోతున్న రక్తాన్ని ప్రతి కాన్పులో కొలవడం ఆస్పత్రి బాధ్యత. ఈ రెండూ జరిగితే ఇలాంటి మరణాల్లో అత్యధికం ఆపగలం.