తలక్రిందులైనను తడబడని యంత్రము

పట్టిసీమ రేవునకు సమీపమున కొబ్బరితోట గల ఒక పాఠకమహాశయుడు గత మాసమున మాకు వ్రాసిన ఉత్తరములో, గట్లమీది గడ్డి కోయుటకై కొన్న మిషను ఒకటి కోతబిళ్ల విరిగి పాకలో మూల పడియున్నదనియు, దాని ఇంజను మాత్రము తాడు రెండుమారులు లాగినంతనే ఇప్పటికిని గొంతెత్తుచున్నదనియు, పదవ తరగతి చదువుచున్న మనుమడు దానిని విప్పి బొమ్మ విమానమునకు బిగింతునని పట్టుబట్టి కూర్చున్నాడనియు తెలిపి, "ఇది అయ్యే పనేనా, లేక కుర్రవాడి పిచ్చా?" అని అడిగినారు. అయ్యెడు పనియే; పిచ్చియు నిజమే. ఆ పిచ్చి ఒకప్పుడు నాకును సోకినది గనుక, సంపాదకులు నియమించిన ఇతర విషయమును ప్రక్కకు నెట్టి ఈ ప్రశ్నకే సమాధానము వ్రాయుచున్నాను.

ఇంజను సంగతి త్వరగా ముగింతును. గడ్డి మిషనులందును, మనవారు తైవాను పంపులని పిలుచు మందుకొట్టు యంత్రములందును తరచుగా నుండునది రెండు ఊపుల పెట్రోలు ఇంజను. ముషలకము (పిస్టను) పైకి పోవునపుడు దాని అడుగున నున్న క్రాంకుకేసు నూనె కలిపిన పెట్రోలుగాలిని లోనికి పీల్చును. క్రిందికి వచ్చునపుడు దానినే నొక్కి, గోడలోని రంధ్రముల ద్వారా పైగదిలోనికి నెట్టును. ఇంగ్లండులోని బాత్ నగరమున జోసెఫ్ డే అను నతడు 1891 ప్రాంతమున ఈ పద్ధతిని రూపొందింపగా, అతని పనివాడే యైన ఫ్రెడరిక్ కాక్, ముషలకపు అంచే తలుపుగా పనిచేయగలిగినపుడు వేరు కవాటమెందుకని దానిని కూడ ఊడబెరికినాడు. నేటికిని యజమాని పేరు పుస్తకములలో నున్నది. పనివాని ఉపాయము మన తోటలలో నున్నది.

మార్పు చేయుటయు కష్టమైన విద్య కాదు. తాడు చుట్టిన డబ్బా, క్లచ్చు, పైతొడుగు తీసివేయవలెను. ఫ్లైవీలుకు గాలి విసరుటకై పోతపోసిన రెక్కలను లేతు మీద చెక్కివేయవచ్చును, ఏలయన ఇక చల్లబరచు పనిని ప్రొపెల్లరు గాలియే చూచుకొనును. కాని ఆ చక్రములో పొదిగిన అయస్కాంతములను మాత్రము తాకరాదు, బ్యాటరీ లేకయే నిప్పురవ్వ పుట్టించునవి అవియే. ప్రొపెల్లరును ఏ కొనకు బిగించుచున్నామో, ఆ వైపునుండి చూచినపుడు ఇరుసు ఎటు తిరుగుచున్నదో కనిపెట్టి, దానికి తగిన వాటపు ప్రొపెల్లరునే కొనవలెను. లేనియెడల విమానము వెనుకకు పోవజూచును. ఈ దారిలో లోకము చాల దూరమే పోయినది. 1970ల నాటి క్వాడ్రా ఇంజను రంపపు ఇంజను వంశముదే; తోటయంత్రములు చేయు జపాను జెనోవా సంస్థవారి 62 ఘన సెంటీమీటర్ల ఇంజను పెద్ద బొమ్మ విమానములందు ఏండ్ల తరబడి రాజ్యమేలినది. దడదడ అదురును, బరువును. ఐనను ఆముదమును మిథనాలును త్రాగు చిన్న గ్లో ఇంజనుల ఇంధనఖర్చుతో పోల్చిన, పెట్రోలు బంకే శరణ్యమని జనులు దీనివైపు వచ్చినారు.

నా దృష్టిలో ఆ మిషనులోని అసలు నిధి ఇంజను కాదు. దాని ప్రక్కన అగ్గిపెట్టె కంటె కొంచెము పెద్దదిగా నంటుకొనియుండి, ఎవ్వరి చూపునకును ఆనని కార్బొరేటరు.

కార్బొరేటరనగా ఇంధనమును గాలిలో తగుపాళ్లలో కలుపు పాత్ర యని అందరెరిగినదే. గాలి సన్నని గొంతుగుండ వేగముగా పోవుచోట ఒత్తిడి తగ్గును. ఆ లోటు పెట్రోలును పైకి లాగును. ఇంతవరకు పేచీ లేదు. ఆ గొంతు ప్రక్కన పెట్రోలు మట్టము ఎల్లప్పుడు ఒకే తీరున నుండుటెట్లు? మోటారు కారులో దీనికి చిరకాలము చెప్పిన సమాధానము తేలుబంతి. మన ఇండ్ల మీది నీళ్ల ట్యాంకులో బంతి తేలి నీటిని ఆపునట్లే, చిన్న గిన్నెలో బంతి తేలి సూదిమొన కవాటమును మూయును. భూమి ఎల్లప్పుడు క్రిందనే యుండునను నమ్మకముపై కట్టిన ఏర్పాటిది. కారునకు అది చెల్లును. ఆకాశమున చెల్లదు.

చెల్లదని తెలిసికొనుటకు మహామహులకే ప్రాణములమీదికి వచ్చినది. 1940లో బ్రిటను ఆకాశమున జరిగిన సంగ్రామమునందు స్పిట్‌ఫైరు, హరికేను విమానములను నడిపిన రోల్స్‌రాయిస్ మెర్లిన్ ఇంజనునకు తేలుబంతి కార్బొరేటరే యుండెను. జర్మను విమానము చటుక్కున ముక్కు వంచి క్రిందికి దూకును. వెంటనంటిన బ్రిటిషు వైమానికుడు తానును అట్లే వంచినంతనే, గిన్నెలోని పెట్రోలు మీదికెగసి ఇంజను మొదట ఆకలితో దగ్గును, మరుక్షణమున బంతి తప్పుచోటికి పోయి కవాటము బార్లా తెరచుకొనగా పెట్రోలు మింగలేక ఉక్కిరిబిక్కిరియగును. జర్మను డైమ్లర్‌బెంజ్ ఇంజనునకు ఇంధనమును నేరుగా చిమ్ము పంపు ఉన్నందున ఆ బాధ లేదు. బ్రిటిషు రూపకర్తలు మాత్రము, కార్బొరేటరులో ఆవిరియగు పెట్రోలు గాలిని చల్లబరచి బలము పెంచునని వాదించుచుండిరి. అది అబద్ధము కాదు; కాని శత్రువు చేజారిపోవుచుండగా ఇంజను దగ్గుచున్నవానికి ఆ సిద్ధాంతము ఏపాటి ఓదార్పు? తుదకు ఫార్న్‌బరో పరిశోధనాలయమున పనిచేయు బియాట్రిస్ షిల్లింగ్ అను ఇంజనీరు, మోటారుసైకిలు పందెములలో బ్రూక్‌లాండ్స్ బాటపై గంటకు నూరు మైళ్లు దాటించిన ధీర, ఇంజనునకు గరిష్ఠముగా ఎంత పెట్రోలు కావలెనో అంతయే పోనిచ్చు రంధ్రము గల చిన్న లోహపుబిళ్లను 1941లో ప్రవేశపెట్టి పరువు నిలిపినది. రోగము పూర్తిగా కుదిరినది మాత్రము తేలుబంతినే తొలగించి, పలుచని పొరల కదలికతో ఇంధనమును కొలుచు కార్బొరేటరులు వచ్చిన తరువాతనే.

భూమిమీద ఇదే తిప్పలు పడినవారు అడవిలో చెట్లు కోయువారు. తొలినాటి రంపపు మిషనులలో తేలుబంతియే యుండుటచేత, రంపపు పట్టీని అడ్డముగా త్రిప్పవలెనన్నను ఇంజను మాత్రము నిట్టనిలువుగా నుండుటకు నడుమ తిరుగుడు కీలు అమర్చుకొనవలసివచ్చెను. 1950 ప్రాంతమున పొర కార్బొరేటరు వచ్చి ఆ బెడదను తప్పించినది. తోటమాలి చేతిలో ఏటవాలుగా ఊగు గడ్డి మిషనునకు అది అక్కడినుండి సంక్రమించిన ఆస్తి. విమానములో పనికివచ్చు గుణము దానికి విమానము కొరకు అబ్బినది కాదు. కొమ్మ క్రిందినుండి కోయవలసిన కూలివాని కొరకు అబ్బినది.

ఇక దాని పొట్ట విప్పి చూతము. మీ పట్టిసీమ యొడ్డున 2015-16లో నెలకొల్పిన ఎత్తిపోతల పథకమున 24 పంపులు కలిసి సెకనుకు 8,500 ఘనపుటడుగుల గోదావరి నీటిని పోలవరము కుడికాలువ వైపునకు ఎత్తిపోయగలవు. వానికి మోటారులు కావలెను, విద్యుత్తు కావలెను. ఈ కార్బొరేటరులోను ఒక ఎత్తిపోతల పంపు కలదు. దానికి మోటారు లేదు, తిరుగు భాగము ఒక్కటియు లేదు. ఉన్నదెల్ల సిగరెట్టు కాగితమునకు అన్నవంటి పొర ఒకటి. దానిలోనే రెండు చిన్న నాలుకలు కోసియుందురు. క్రాంకుకేసులో ముషలకము ఊగినప్పుడెల్ల ఒత్తిడి ఒకమారు హెచ్చి ఒకమారు తగ్గునని పైన జెప్పితిని గదా, ఆ నాడిని సన్నని రంధ్రము ద్వారా పొరకు ఒకవైపున తగులనిత్తురు. పొర వెనుకకు వంగినపుడు మొదటి నాలుక తెరచుకొని టాంకులోని పెట్రోలు లోనికి వచ్చును. ముందుకు వంగినపుడు అది మూసుకొని రెండవది తెరచుకొనును. గుండెకాయలోని కవాటముల పనియే ఇది, కాని నిమిషమునకు 7,000 చుట్లు తిరుగు ఇంజనులో ఈ గుండె సెకనుకు ఇంచుమించు 117 మారులు కొట్టుకొనును.

రెండవ పొర మరింత బుద్ధిశాలి. దానికి ఒకప్రక్క పెట్రోలు గది, రెండవప్రక్క మూతలోని సూక్ష్మరంధ్రము ద్వారా వచ్చు బయటిగాలి. ఇంజను పెట్రోలును పీల్చుకొన్న కొలది గదిలో ఒత్తిడి తగ్గును. బయటిగాలి పొరను లోనికి నొక్కును. పొర ఒక చిన్న మీటను తాకును. మీట సూదిని లేపును. కావలసినంత పెట్రోలు రాగానే పొర వెనుదిరిగి, స్ప్రింగు సూదిని మూయును. ఈ న్యాయస్థానమున భూమ్యాకర్షణకు సాక్ష్యమిచ్చు అవకాశమే లేదు. గదిలో గాలి చొరబడని చుక్కెడు పెట్రోలు తప్ప మరేమియు లేదు గనుక, విమానము పల్టీ కొట్టినను వెల్లకిల పడి ఎగిరినను సూదికి తెలియదు.

కాని ఆ సూక్ష్మరంధ్రము దగ్గరనే కొత్తవారు బోర్లపడుదురు. నేలమీద చక్కగా పాడిన ఇంజను గాలిలోనికి లేచినంతనే పొగలు గ్రక్కుచో, లేక ఊపిరి తీయక చచ్చుచో, వారు కార్బొరేటరు మరలను అటునిటు త్రిప్పి విసిగి ఇంజనును తిట్టుదురు. ఇందు మరల తప్పు లేదు. సెకనుకు 30 మీటర్ల వేగముతో ఎదురుకొట్టు గాలి ఆ రంధ్రముపై మోపు ఒత్తిడి 55 మిల్లీమీటర్ల నీటి ఎత్తునకు సమానము. మనకది ఒక చెంబెడు నీటి లోతు. పొరకు మాత్రము పెద్ద ఆజ్ఞయే. దానికి లోబడి పొర సూదిని అనవసరముగా లేపి పెట్రోలును కుమ్మరించును. రంధ్రము పీడనము తగ్గు చోట నున్నచో ఇంజనును ఎండగట్టును. మూతపై సన్నని గొట్టమొకటి అతికి, దాని కొనను గాలి కదలని విమానగర్భములో విడిచిపెట్టిన ఈ పేచీ తీరిపోవును.

నా అవమానమును కూడ ఇచటనే ఒప్పుకొందును. కార్బొరేటరును త్రిప్పి అమర్చునపుడు మధ్యనుండు ప్యాకింగును ఎదురుగా బిగించి, క్రాంకుకేసు నాడి వచ్చు రంధ్రమును మూసివేసితిని. పెట్రోలును లోనికి నింపు రబ్బరుబుడ్డి నొక్కినపుడెల్ల ఇంజను నాలుగు సెకన్లు మ్రోగి ఆగిపోవుచుండెను. ప్లగ్గు మార్చితిని, పెట్రోలు మార్చితిని, రెండు ఆదివారములు పోగొట్టుకొంటిని. మా వీధిలోని స్కూటరు మెకానిక్కు వచ్చి, ప్యాకింగును వెలుగునకెత్తి చూచి, "దీనికి ఊపిరేది గురువుగారూ?" అన్నాడు.

ప్రయోజనమేమని అడుగువారు ఉందురు. పొలములలో మందు చల్లు డ్రోనులు విద్యుత్తుతో ఎగురుచున్నవి, పోటీలలో కూడ బ్యాటరీలే నిశ్శబ్దముగా గెలుచుచున్నవి. ఈ ఇంజనుతో ధనము సంపాదించుటకు మార్గము నాకు కనబడలేదు, వెదకలేదు కూడ. పైగా నేడు బంకులలో దొరకు 20 శాతము ఇథనాలు కలిసిన పెట్రోలును నెలల తరబడి నిలువయుంచిన, పాతకాలపు పొరలు బిరుసెక్కి మొండికేయును. పని ముగియగానే టాంకు ఖాళీచేసి, ఇంజను తానుగా ఆగువరకు నడుపుట మేలు. 2021 డ్రోను నిబంధనలు రేడియోతో నడుపు బొమ్మ విమానములకును వర్తించును. ఆ నిబంధనల గగనపటముపై ఆకుపచ్చగా చూపిన మండలమున సామాన్యముగా 400 అడుగులకు మించి ఎగురవేయరాదు. వేసవిలో గోదావరి ఇసుకతిన్నెలు ఎంత ఊరించినను, ప్రాజెక్టుల పరిసరమున విమానము లేపుటకు ముందు గగనపటము చూచుకొనుడు.

కొబ్బరితోట వారికి ఒక మాట. అయస్కాంతముతో రవ్వ పుట్టించు ఇంజనును, బ్యాటరీ లేదు గదా యని నమ్మరాదు. చేతితో ప్రొపెల్లరును కదపినను అది రేగి వ్రేళ్లు తెగగొట్టవచ్చును. ప్లగ్గు తీగ ఊడదీయనిదే దానిని ముట్టవద్దని మనుమనితో ప్రమాణము చేయించుకొనుడు. తరువాత మిషనును అతనికి ఇచ్చివేయుడు. విరిగినది కోతబిళ్ల మాత్రమే.