పాత టెలివిజను పెట్టెలు - విద్యుత్తు లోపముల పరీక్ష



హైదరాబాదు దూరదర్శను కేంద్రము 1977లో ప్రసారముల నారంభించినది. అటుపిమ్మట పల్లెలకు వచ్చిన నలుపు తెలుపు టెలివిజను పెట్టెలను మా ఎచ్చెర్లలో కొందరు పెద్దలు నేటికిని భద్రపరచుకొనియున్నారు. పెట్టె వెలుగకున్నచో బొమ్మ గొట్టమే పోయినదని వారు నిరాశ చెందుదురు. మొదట చూడవలసినది అది కాదు, విద్యుత్తు వచ్చు మార్గము.

గోడనుండి వచ్చు 230 వోల్టుల విద్యుత్తు ముందుగా ఫ్యూజును దాటును. ట్రాన్సుఫార్మరు దానిని తగ్గించును. డయోడులు దానిని ఒకే దిశకు మరల్చును. ఎగుడుదిగుడుగా వచ్చు నీటిని చెరువు నిలిపి తూమున సమముగా విడుచునట్లు, పెద్ద కండెన్సరు ఆ ప్రవాహమును సమము చేయును. చిన్న పెట్టెలలో తుదకు నిలుచునది సుమారు 12 వోల్టులు.

తర్కము చదివిన నాకు ఈ పరీక్షలో పాత న్యాయమే కనబడినది. పొగను జూచి నిప్పు నూహించినట్లే, లక్షణమును బట్టి లోపము నెరుగవలయును. బొమ్మ నాలుగు ప్రక్కల కుంచించుకొనిన వోల్టులు తగ్గినవని యర్థము. ముందు ఇంటి విద్యుత్తునే కొలిపింపుడు. బొమ్మపై రెండు నల్లని పట్టీలు అడ్డముగా కదలాడుచు గుంయిమను ధ్వని వచ్చిన, కండెన్సరు ఎండినదని తలపవచ్చును. పట్టీ యొక్కటే యైన, డయోడులలో నొకటి తెగియుండవచ్చును. ఫ్యూజు గాజు లోపల నల్లబడినచో ముందు ఎక్కడనో తీగలు కలిసిపోయి పెనుప్రవాహము పారినదన్నమాట.

అట్టియెడ పనివాడు పెట్టెకు ముందు ఒక బల్బును వరుసలో కలిపి చూచును. బల్బు నిండుగా వెలుగుచునే యున్న లోపల కలియిక కలదు. వెలుగనే వెలుగకున్న మార్గ మెచ్చటనో తెగినది. ఒక్కసారి వెలిగి మందగించిన మేలు.

ఇక ముఖ్యమైన మాట. మాడిన ఫ్యూజుకు బదులు లావుపాటి రాగితీగ చుట్టుట మన పల్లెలలో కలదు. ఫ్యూజు ద్వారపాలకుడు, ఆపద వచ్చినప్పుడు తాను తెగి ఇల్లు కాచును. దానిని దాటవేసిన ట్రాన్సుఫార్మరు కాలి నిప్పంటుకొనవచ్చును. తీసిన యంత ప్రమాణముగల ఫ్యూజునే మరల పెట్టవలయును.

మరియు ప్లగ్గు తీసినను కండెన్సరులో విద్యుత్తు కొంతసేపు నిలిచియుండును. బొమ్మ గొట్టమున వేల వోల్టులుండును. కొన్ని పెట్టెలలో లోపలి లోహపు చట్టమే గోడ విద్యుత్తుతో కలిసియుండును. కావున వెనుక మూత తెరువకుడు. మీరు చూచిన లక్షణములను వరుసగా పనివానికి చెప్పుడు. సగము పరీక్ష మీరే చేసినవారగుదురు.