మందుకు లొంగని బూజు

ఆవకాయ జాడీలో తడి గరిటె పెడితే బూజు పడుతుందని ప్రతి తెలుగింటా తెలిసిన విషయమే. బూజు విత్తనాలైన సిద్ధబీజాలు గాలిలో ఎల్లప్పుడూ ఉంటాయి. తేమ, ఆహారం దొరికిన చోట మొలకెత్తుతాయి. ప్రతి మనిషీ రోజుకు వందలకొద్దీ సిద్ధబీజాలను పీలుస్తూనే ఉంటాడు. ఆరోగ్యవంతమైన ఊపిరితిత్తులు వాటిని ఎప్పటికప్పుడు ఊడ్చివేస్తాయి. ఆ పని సాగనివారిలో ముఖ్యులు సిస్టిక్ ఫైబ్రోసిస్ వ్యాధిగ్రస్తులు.

తల్లినుండి, తండ్రినుండి కూడా లోపం గల జన్యువు సంక్రమించినప్పుడు ఈ వ్యాధి కలుగుతుంది. ఏడవ క్రోమోజోముపై ఉన్న ఆ జన్యువును 1989లో గుర్తించారు. కణపు పొరలో లవణం రాకపోకలకు ద్వారం వంటి ప్రోటీను దానివల్లనే తయారవుతుంది. ద్వారం సరిగా పనిచేయకపోతే శ్వాసనాళాలలోని శ్లేష్మం నీరు తగ్గి జిగురుగా మారుతుంది. రెండు మూడు మైక్రానుల పరిమాణం గల ఆస్పర్జిల్లస్ ఫ్యూమిగేటస్ సిద్ధబీజాలు అందులో చిక్కుకుంటాయి. కొందరిలో ఈ శిలీంధ్రం ఊరకే నివసిస్తుంది. కొందరిలో తీవ్రమైన ఎలర్జీని రేపి శ్వాసనాళాలను చెడగొడుతుంది. ఊపిరితిత్తుల మార్పిడి జరిగినవారిలో ప్రాణాంతకం కాగలదు.

దీనికి ప్రధాన ఔషధాలు అజోల్ కుటుంబానికి చెందిన ఇట్రకోనజోల్, వోరికోనజోల్, పోసకోనజోల్ మొదలైనవి. శిలీంధ్రపు కణపు పొరకు ఎర్గోస్టెరాల్ అనే పదార్థం అవసరం. మానవ కణాలలో ఆ స్థానంలో కొలెస్టరాల్ ఉంటుంది. ఎర్గోస్టెరాల్‌ను తయారుచేసే ఒక ఎంజైములో అజోల్ దూరి దాని పనిని ఆపుతుంది. నెలల తరబడి నోటిద్వారా వాడదగిన మందులు ఈ బూజుకు దాదాపు ఇవే. కనుక ఇవి విఫలమైతే రోగి చాలా నష్టపోతాడు.

వైఫల్యానికి దారులు రెండు. మొదటిది రోగి శరీరంలోనే ఏర్పడుతుంది. చికిత్స దీర్ఘకాలం సాగుతూ, రక్తంలో మందు చాలినంత లేనప్పుడు, దానిని తట్టుకొనగల శిలీంధ్రాలే మిగిలి వృద్ధి చెందుతాయి. ఈ వ్యాధిలో జీర్ణశక్తి కూడా దెబ్బతింటుంది కనుక మందు ఒంటికి సరిగా పట్టకపోవడం సామాన్యం.

రెండవ దారి పొలాలనుండి వచ్చింది. 1990ల చివరినుండి నెదర్లాండ్స్ వైద్యులు, అజోల్ మందు ఎన్నడూ పుచ్చుకొనని రోగులలో కూడా దానికి లొంగని బూజును చూశారు. దాని జన్యువు ముందున్న నియంత్రణ భాగంలో 34 అక్షరాలు రెండుమార్లు వ్రాయబడి ఉన్నాయి; అందువల్ల ఎంజైము అధికంగా తయారవుతుంది. ఎంజైము ఆకృతి కూడా మారినందున మందు అందులో ఇమడదు. పూలదుంపలకు, పైర్లకు వాడే తెగులు మందులలో అనేకం అజోల్‌లే. అవి కలిసిన చెత్తకుప్పలలో ఈ బూజు మందును తట్టుకొనడం ముందే నేర్చుకున్నది. తెలుగునాట వరికి పాముపొడ తెగులు వచ్చినప్పుడు చల్లే హెక్సాకోనజోల్, ప్రోపికోనజోల్ కూడా ఈ కుటుంబానివే. 2012లో భారతదేశపు రోగులలోను, నేలలోను ఇదే మార్పు గల బూజు బయటపడినట్లు ప్రకటించారు. బ్రిటన్, ఐర్లండులలో సేకరించిన 218 నమూనాల జన్యుపటాలను పోల్చి, రోగులకు బయటి పరిసరాలనుండే ఇది సోకుతున్నదని 2022లో నిరూపించారు. అదే సంవత్సరం ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ శిలీంధ్రాన్ని అత్యంత ప్రమాదకరమైన వర్గంలో చేర్చింది.

మందు పనిచేయనప్పుడు మోతాదు పెంచడం ఒక్కటే మార్గం కాదు. కఫంలోని బూజును పెంచి ఏ మందుకు లొంగునో పరీక్షించాలి. రక్తంలో మందు పరిమాణం కొలవాలి. 2019లో అమెరికాలో అనుమతి పొందిన మూడు మందుల మిశ్రమం, లోపించిన ప్రోటీనునే సరిదిద్ది ఎందరికో మేలు చేసింది. అయితే అజోల్‌లు దాని పరిమాణాన్ని రక్తంలో పెంచుతాయి కనుక రెండూ వాడేవారికి మోతాదు మార్చవలసి ఉంటుంది. అజోల్‌లు పనికిరానప్పుడు మిగిలే ఆంఫోటెరిసిన్‌ను సాధారణంగా నరంద్వారా ఎక్కిస్తారు. అది మూత్రపిండాలకు హాని చేయగలదు. రోగులు కుళ్ళిన ఎరువును తిరగవేయకుండా ఉండడం మంచిది.

ఇది తెల్లవారి వ్యాధి అనే నమ్మకం ప్రవాస కుటుంబాలకు చేటు. భారతీయులలోనూ ఇది ఉన్నది. అయితే జన్యులోపపు రకాలు కొంత భిన్నం కనుక ఐరోపావారిని దృష్టిలో ఉంచుకొని కూర్చిన జన్యుపరీక్షలలో కొన్ని తప్పిపోవచ్చు. బిడ్డకు తగ్గని దగ్గు, ఎదుగుదల లేకపోవడం, ముద్దాడినప్పుడు ఉప్పదనం కనిపిస్తే చెమట పరీక్ష అడగడం అవసరం.

వైద్యులు ఆశ పెట్టుకొని పరీక్షిస్తూ వచ్చిన ఓలోరోఫిమ్ అనే కొత్త మందు వేరొక ఎంజైమును ఆపుతుంది. అదే ఎంజైముపై పనిచేసే ఇప్‌ఫ్లుఫెనోక్విన్ అనే తెగులు మందుకు 2022లో అమెరికాలో అనుమతి లభించింది. ఆసుపత్రికి చేరకముందే మందు పొలంలో పదును కోల్పోకుండా కాపాడడం వైద్యులతో పాటు వ్యవసాయశాఖల బాధ్యత కూడా.