బోనమెత్తిన వేళ

ఆషాఢమాసమున లాల్‌దర్వాజా సింహవాహినీ మహంకాళి గుడికి బోనమెత్తుకొని పోవు స్త్రీని చూచితిరా? గుడి చేరవలెనను సంకల్పము మెదడు ముందుభాగమున నేర్పడును. అడుగు తరువాత అడుగు వేయుటకు మాత్రము ఆలోచన యక్కరలేదు. ఏండ్ల అలవాటును మెదడు లోతునగల కణసముదాయములు నడపును, తూకమును చిన్నమెదడు కాచును. ఇంతలో వట్టికాలికి ముల్లు గ్రుచ్చుకొనెనా, నొప్పి తెలియకమునుపే వెన్నుపాము ఆ కాలిని లాగివేయును. వెంటనే రెండవ కాలిని బిగించి దేహభారమును నిలుపును. లేకున్న దీపముతోగూడ బోనము నేలపాలే గదా! మన వంటయింటనే మరియొక వింత కలదు. వేడిగిన్నె చేయి కాల్చుచున్నను, ప్రక్కన బిడ్డ యున్నచో తల్లి దానిని విడువదు. అప్పుడు మెదడు వెన్నుపామును ఆగుమని శాసించును. ఆ శాసనము కొంతసేపే చెల్లును. కావున మసిగుడ్డను పొయ్యిచెంత చేతికందునట్లుంచుకొనుడు.